తిట్లకి ఖర్చయిన గాలి

చిట్టా 1
అదనపు గాలి: చాలా. కారణం: తిట్లు.

గాలి కార్యాలయం వారికి, కొత్త రావులపాలెం గుమ్మటం ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు పేరి హైమావతి రాయునది. మా బడి తన వాటాకి మించి గాలి పీలుస్తోందనీ, ఇకమీదట మించిన ప్రతిసారీ కారణం రాసి పంపాలనీ ఉత్తర్వు ఇచ్చారు. రాస్తున్నాను. కారణం నేనే. నేను పిల్లల్ని తిడతాను. తిట్టడానికి ఊపిరి కావాలి. భూమి మీద పంతుళ్ళు మీటరు లేకుండా తిట్టుకునేవారట. చంద్రుడి మీద పుట్టిన మనకి ఆ భోగం ఎక్కడిది?

తిట్టేబదులు సుద్దముక్క విసరమని ఉత్తర్వులోనే ఒక సలహా కూడా పడేశారు. విసిరి చూశాను. ఇక్కడి బరువులో సుద్దముక్క ఓ పట్టాన కింద పడదు. వెనక గోడకి కొట్టుకుని, కప్పుకి తగిలి, తీరిగ్గా దిగుతుంది. గురిపెట్టిన వాడు తప్ప తరగతంతా దాన్నే చూస్తూ కూర్చుంటుంది.

ఇవాళ్టి తిట్లు ఎనిమిదో తరగతి సుధన్వకి. నీళ్ళు మరిగిస్తే మంచు అవుతుందని పరీక్షలో రాశాడు. వాళ్ళ నాన్న మంచు తవ్వే గనిలో మేస్త్రీ. ఎందుకు రాశావురా అంటే, అమ్మ రాయమందండి అన్నాడు. వాడికి ఇరవై రెండు మార్కులు వచ్చాయి.

చిట్టా 2
అదనపు గాలి: కొంచెం. కారణం: అతిథులు.

సుధన్వ తల్లి రత్నమాల గారు పళ్ళెం నిండా నాచు లడ్డూలతో వచ్చారు. వెనకాల చుట్టాలు. అబ్బాయికి ఇరవై రెండే వచ్చినందుకు పునాది పండగ చేస్తున్నారట. ఆ పిల్లవాడి మెడలో దండ కూడా వేశారు. పైపెచ్చు, ఇంకో నాలుగు తగ్గించడానికి వీలవుతుందా అని నన్ను చాటుగా అడిగారు.

ఇదంతా శాంతిసాగర విశ్వవిద్యాలయం పుణ్యం. చంద్రుడి మీద ఉన్నది ఆ ఒక్క విశ్వవిద్యాలయమే. అక్కడ సీట్లు ఇచ్చేది యంత్రం. ఎంత పెట్టినా వంక వెతుకుతుందని జనం దానికి వియ్యపురాలు అని పేరు పెట్టారు. అది మార్కులు చూడదు, మార్కుల గీత చూస్తుంది. ఎనిమిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా గీత ఎంత పైకి లేస్తే అంత మంచి పిల్ల. మొదటినుంచీ తొంభై తెచ్చుకున్న వాళ్ళకి ఎదుగుదల లేదంటుంది.

అందుకని తల్లిదండ్రులు గుమ్మటాలు మారతారు. ఎనిమిదీ తొమ్మిదీ నా బడిలో, ఎందుకంటే నాది మార్కులు రాలని బడి. పదో తరగతికి టీసీ పుచ్చుకుని కొత్త పిఠాపురం వెళ్తారు, అక్కడ మార్కులు ధారాళంగా పోస్తారు. వస్తూనే కుక్కర్లు, పరుపులు, గాలి కార్డులు మోసుకొస్తారు. వెళ్ళేటప్పుడు నాకో శాలువా కప్పి వెళ్తారు. నా దగ్గర శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. ఈ గుమ్మటంలో చలే వెయ్యదు.

లడ్డూ తిన్నాను. బాగానే ఉంది.

చిట్టా 5
అదనపు గాలి: చాలా. కారణం: నా కోపం.

నా బడి మార్కులు రాలని బడి ఎలా అయిందో చెప్పాలి. నేను పిసినారిని కాను. ప్రశ్నపత్రం ఎలా ఉండాలన్నది మా అమ్మ నేర్పింది, ఆవిడా పంతులమ్మే. పిల్లకి వచ్చినదే అడిగితే అది పరీక్ష కాదు, పాఠం అప్పజెప్పడం. పత్రం పిల్ల తలకంటే జానెడు ఎత్తులో ఉండాలి, ఎగిరితే వేళ్ళు తగలాలి. అందుకని ఒక్కో పిల్లకీ దాని ఎత్తుని బట్టి వేరే పత్రం రాస్తాను. నా దగ్గర ఎవరికీ అరవై దాటి రాలేదు. అరవై దాటితే పత్రం తేలికైందని నేనే సిగ్గుపడతాను.

పదో తరగతి నుంచి నా బడిలో మిగిలేది ఒక్కతే. పెచ్చెట్టి తొలకరి. ఇప్పుడు పన్నెండులో ఉంది. తండ్రి సత్తిరాజు గారు గాలి యంత్రం చూసే మనిషి. ఈ చిట్టాలు చదివేది కూడా ఆయనే, కార్యాలయంలో ఇంకెవరూ లేరు. ఆయన గుమ్మటం వదిలి వెళ్తే ఆ యంత్రం తిప్పేవాడు లేడు, కనక ఈ కుటుంబం గుమ్మటం మారలేదు. తల్లి లేని పిల్ల. వాన చూడని తండ్రి, వాన పడని చోట పుట్టిన బిడ్డకి ముచ్చటపడి ఆ పేరు పెట్టుకున్నాడు.

నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత చురుకైన పిల్లని చూడలేదు. ఈ మాట ఆ పిల్లతో అనలేదు, అనను కూడా. సత్తిరాజు గారూ, మీరూ అనకండి.

ఇవాళ పన్నెండో తరగతి వాళ్ళకి వియ్యపురాలు ముందస్తు అంచనా పంపింది. తొలకరి మార్కులు వరసగా యాభై అయిదు, యాభై నాలుగు, యాభై అయిదు, యాభై అయిదు. గీత బల్లలా ఉంది. దాని కింద ఒక్కటే ముక్క: ఎదుగుదల లేదు.

తొలకరి అది చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, లెక్క ఎక్కడిదాకా వచ్చామండీ అని అడిగింది. దాని ముఖం చూడలేక నేను తొమ్మిదో తరగతిలోకి వెళ్ళి అందర్నీ తిట్టాను. వాళ్ళ తప్పేమీ లేదు.

చిట్టా 6
అదనపు గాలి: మామూలు కన్నా ఎక్కువ. కారణం: నిట్టూర్పులు.

ఆఖరి పరీక్షలో తొలకరికి తొంభై అయిదు వేసేస్తే గీత లేస్తుంది. నిన్నంతా ఆలోచించి, తప్పులేదని నాకు నేనే చెప్పుకున్నాను. పొద్దున్నే తలుపు వేసుకుని, పాత పత్రం ఒకటి ముందు పెట్టుకుని, తొంభై అయిదు వేయడం సాధన చేశాను. తొమ్మిది వరకు బాగానే వచ్చింది. అయిదు దగ్గర కలం ఆగిపోయింది. చెయ్యి రాలేదు. మళ్ళీ పత్రం చదివితే ఇంకో తప్పు దొరికింది, రెండు మార్కులు కోశాను.

సాయంత్రం సత్తిరాజు గారు గాలి గొట్టం చూడ్డానికని వచ్చారు. గొట్టానికి ఏమీ కాలేదు, ఆయనకీ తెలుసు. స్పానరు పట్టుకుని కాసేపు గోడకేసి చూసి, అమ్మాయిని కొత్త పిఠాపురంలో ఎవరింట్లోనైనా ఉంచి ఈ ఒక్క ఏడూ అక్కడ చదివిస్తే ఎలా ఉంటుందని అడిగారు. గాలి కార్డు కుటుంబానికి గానీ పిల్లకి విడిగా ఇవ్వరు కదండీ అన్నాను. ఆయన తల ఊపారు. ఆ నిబంధన రాసిన కాగితం ఆయన కార్యాలయం గోడమీదే వేలాడుతోంది. విశ్వవిద్యాలయంలో సీటు వస్తేనే దానికి సొంత కార్డు.

“ఈ పిల్ల నా వల్ల ఉండిపోయిందండి. నేను కదల్లేను, అది వెళ్ళలేదు” అన్నారు. నేను ఏదో ఒకటి అనాల్సింది. గొట్టం గురించి మాట్లాడాను.

చిట్టా 11
అదనపు గాలి: విపరీతం. కారణం: దగ్గు, నవ్వు, మళ్ళీ దగ్గు.

వియ్యపురాలికి కొత్త బుద్ధి పుట్టింది. పిల్లలు బడులు మారుతూ గీతలు వంచేస్తున్నారని ఎట్టకేలకు కనిపెట్టి, ఈ ఏటినుంచి ఏ బడి ఎంత గట్టిదో తనే లెక్కకట్టి, ఆ ప్రకారం మార్కులు సవరిస్తుందట. గట్టిదనం ఎలా తెలుస్తుంది? అదే పిల్ల ఒక బడిలో ఎంత తెచ్చుకుంది, మారాక ఇంకో బడిలో ఎంత తెచ్చుకుంది అని చూస్తుంది.

నా దగ్గర ముప్ఫై తెచ్చుకున్న పిల్లలందరూ కొత్త పిఠాపురంలో తొంభై తెచ్చుకున్నారు. కావాలని తప్పులు రాశారన్నది దానికేం తెలుసు! కొత్త రావులపాలెం బడి మూడింతలు గట్టిది అని తేల్చేసింది. ఇక్కడ వచ్చిన ప్రతి మార్కునీ మూడుతో హెచ్చవేసింది.

మధ్యాహ్నం తొలకరి కొత్త అంచనా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నూటికి నూట అరవై అయిదు. నూరు దాటిన వాళ్ళకి ఎక్కడానికి ఇక మెట్టు లేదు కనక గీత చూడదట, సీటు ఖాయమట.

“ఏవండీ, ఇది చెల్లుతుందంటారా?” అంది. నేను మంచినీళ్ళు తాగుతున్నాను. ఇక్కడ నీళ్ళు పొలమారితే కప్పు దాకా చిమ్మి, తీరిగ్గా గది అంతా దిగుతాయి. తుడవడానికి ఇద్దరం గంట ఎగిరాం. ఆ పిల్ల నవ్వగా చూసి చాలా కాలమైంది.

చిట్టా 12
అదనపు గాలి: లెక్కకి మించి. కారణం: తల్లిదండ్రులు.

మూడుతో హెచ్చవేస్తే తొలకరి ఒక్కదానికే కాదు, అందరికీ హెచ్చవేస్తుంది. ఇప్పుడు కొత్త పిఠాపురంలో పన్నెండు చదువుతున్న పిల్లలందరి ఎనిమిదో తరగతి మార్కులూ నా దగ్గరివే. దండలు వేయించుకుని, లడ్డూలు పంచుకుని సంపాదించిన ఇరవై రెండు కాస్తా అరవై ఆరు అయి కూర్చుంది. అరవై ఆరు నుంచి తొంభై అయిదుకి లేచిన గీత ఏం గీత? పునాదులన్నీ ఒక్క రోజులో పైకి తేలాయి.

తల్లిదండ్రులు రెండు బండ్ల నిండా దిగారు. రత్నమాల గారి పెద్దమ్మాయి కూడా అక్కడ అమ్మమ్మ గాలి కార్డు మీద ఉంటూ ఆ పన్నెండులోనే చదువుతోంది, కనక ఆవిడే ముందు నడిచారు. అందరూ నామీద ఒంటికాలిమీద లేచారు. కోపంతో కాలు నేలకేసి కొట్టిన ప్రతివాళ్ళూ కప్పు దాకా లేచి, అక్కడినుంచి మాట్లాడుతూ దిగారు. మా బడి అంత గట్టిది కాదనీ, మూడింతలన్నది అన్యాయమనీ నేను రాసివ్వాలట.

ఇస్తాను, అయితే మీ పిల్లలకి ఇరవై రెండు ఎలా వచ్చిందో అది కూడా రాయాలి కదా అన్నాను. కావాలని తప్పు రాసినట్టు తేలితే సీటు రద్దు, అది పాత నిబంధనే. గట్టి బడి కాదంటే దొంగ తప్పులు ఒప్పుకోవాలి. దొంగ తప్పులు కావంటే గట్టి బడి అని ఒప్పుకోవాలి. కప్పు దగ్గర ఉన్నవాళ్ళు కూడా నోరు మూసుకుని దిగారు.

నూటికి నూట అరవై అయిదు చూసి వియ్యపురాలు నిలిచిపోయిందనీ, విచారణకి అధికారి వస్తున్నాడనీ కబురు. అధికారి ఏం అడుగుతాడో నాకు తెలుసు. నిజం చెబితే తొలకరి మళ్ళీ యాభై అయిదు, బల్లలాంటి గీత. చెప్పకపోతే దానికి సీటు. సత్తిరాజు గారూ, ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. నాకు అన్నం సయించడం లేదు.

చిట్టా 13
అదనపు గాలి: రాయలేను. కారణం: కింద ఉంది.

అధికారి ఆకెళ్ళ భాస్వంత్ గారు చిన్నవాడు, మర్యాదస్తుడు. బడి గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి, మీ పిల్లలు కావాలని తప్పులు రాశారా అని అడిగారు. ఒక్కొక్కరూ నీళ్ళు నమిలారు. రత్నమాల గారు, అమ్మాయికి అప్పట్లో జ్వరంగా ఉండేదన్నారు. రెండేళ్ళూ జ్వరమేనా అని అధికారి అడిగితే, మరీ పెద్ద జ్వరం కాదన్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. తలుపు దగ్గర సత్తిరాజు గారు స్పానరుతో నిలబడ్డారు. ఆయన పక్కన తొలకరి. ఆ పిల్ల నన్ను చూడలేదు, గోడకున్న నల్లబల్ల వైపు చూస్తోంది. దాని మీద పొద్దున నేనిచ్చిన లెక్క సగంలో ఆగి ఉంది.

అబద్ధం చెప్పాలని నిజంగానే నోరు తెరిచాను. కానీ నోటిక్కూడా నా చెయ్యి జబ్బే ఉంది.

“రాశారండి. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల్లో నా దగ్గరికి వచ్చేదే అందుకు. నా బడి మూడింతలు గట్టిది కాదు” అన్నాను.

రత్నమాల గారు కుర్చీలో కూలబడ్డారు, ఇక్కడ కూలబడ్డానికి చాలాసేపు పడుతుంది. సత్తిరాజు గారు స్పానరు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు, అంతే. ఐదేళ్ళు చదువు చెప్పిన పిల్లని నా నోటితో నేనే కిందికి దింపాను. ఏడుపు వచ్చింది. ఏడిస్తే గాలి ఇంకా ఎక్కువవుతుందని ఆపుకున్నాను.

అధికారి ఏదో రాసుకుని, తల ఎత్తి, “అయితే ఈ అమ్మాయి కూడా కావాలనే తప్పులు రాసి ఉండొచ్చు కదండీ?” అన్నారు.

అప్పుడు తిట్టాను. ఏం తిట్టానో చిట్టాలో రాయను. మీటరు ముల్లు చివర తగిలి ఆగిపోయింది కనక మీకు తెలిసే ఉంటుంది. తిడుతూనే బీరువా తెరిచి, శాలువాలు పక్కకి తోసి, తొలకరి జవాబు పత్రాలు అయిదేళ్ళవీ తీసి బల్ల మీదికి విసిరాను. అవి మెల్లగా పరుచుకుంటూ దిగాయి. మీరే చదువుకోండి అన్నాను.

ఆయన చదివారు. జవాబు పత్రం చూడ్డం ఆయనకి ఇదే మొదటిసారట. శాంతిసాగరానికి అంకెలే వెళ్తాయి, కాగితాలు వెళ్ళవు. ముందు ఆ ఎర్ర సిరా గీతలు చూసి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. తర్వాత ఒక్కో పేజీ తిప్పుతూ పోయారు. ఎనిమిదో తరగతి పత్రం ఒక చేతిలో, పన్నెండో తరగతి పత్రం ఇంకో చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశారు.

“ఇక్కడ గుమ్మటంలో గాలి ఎంతుందో అడిగారు. ఇక్కడ మూడు చోట్ల చిల్లుపడిన గుమ్మటంలో గాలి ఎంతసేపు నిలుస్తుందో అడిగారు. ఇది మేం రెండో సంవత్సరంలో అడుగుతామండి.”

“ఆ పిల్ల చేసింది కదా” అన్నాను.

“సగం చేసింది. అందుకే యాభై అయిదు. కానీ మేడమ్, ప్రతి ఏడూ ప్రశ్నపత్రం ఎందుకు ఇంత ఎత్తు పెంచారు?”

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

“ఎందుకేమిటండీ? పిల్ల పెరిగింది కదా.”

అధికారి కలం కింద పెట్టేశారు. నేనేదో తప్పు మాట అన్నాననుకున్నాను. అధికారి పత్రాలు వరసలో పేర్చి, ఎనిమిదినుంచి పన్నెండు దాకా వేలితో ఒక గీత గీశారు. వేలు బల్ల చివర నుంచి లేచి ఆయన తల దాకా వెళ్ళింది. గీత ఇక్కడుందండి, మీరు పంపిన అంకెల్లో లేదు అన్నారు. ఐదేళ్ళుగా ఆ ఎదుగుదలంతా నా పత్రాల్లోనే కూర్చుని ఉంటే, యంత్రానికి యాభై అయిదు, యాభై అయిదు అని పంపుతూ వచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తొలకరి మెల్లగా నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సగంలో ఉన్న లెక్క పూర్తి చేయడం మొదలుపెట్టింది. మూడో వరసలో ఒక గుర్తు తప్పు వేసింది. అధికారి ముందే తిట్టాను.

చిట్టా 19
అదనపు గాలి: ఎక్కువే. కారణం: అందరూ ఒకేసారి మాట్లాడటం.

తొలకరికి సీటు వచ్చింది. సొంత గాలి కార్డు కూడా వచ్చింది, నీలం రంగుది. ఆఖరి పరీక్షలో దానికి యాభై ఆరు. సీటు వచ్చిన సంతోషంలో ఒక మార్కు ఎక్కువ వేశానని ఎవరూ అనుకోవద్దు, అది సంపాదించుకుంది.

మిగతా పిల్లల సీట్లు రద్దు చేస్తే విశ్వవిద్యాలయంలో పాఠం వినడానికి ఎవరూ మిగలరు కనక, మళ్ళీ పరీక్ష పెడతారట, నిజంగా రాయాలట. రత్నమాల గారి పెద్దమ్మాయి హాయిగా ఊపిరి పీల్చుకుందని విన్నాను. నాలుగేళ్ళుగా ఆ పిల్లకి ఏ మార్కు నిజమో తెలియలేదు, పాపం.

ఇకనుంచి వియ్యపురాలు ప్రశ్నపత్రాలు కూడా చూస్తుంది. ఆ మాట బయటికి రాగానే రత్నమాల గారు మళ్ళీ వచ్చారు, ఈసారి కూడా లడ్డూలతోనే. సుధన్వకి ప్రశ్నపత్రం మరీ తేలిగ్గా ఉంటోందనీ, కాస్త చేతకానంత కష్టంగా ఇవ్వమనీ అడిగారు. ముందు నీళ్ళు మరిగిస్తే ఏమవుతుందో రాయమనండి అన్నాను.

చిట్టా 22
అదనపు గాలి: చివర్న రాస్తాను.

తొలకరి మొన్న బండెక్కింది. ఎక్కే ముందు నా కాళ్ళకి దండం పెట్టి, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బాగా రాశానని అనలేదండీ మీరు అంది. మూడో వరసలో గుర్తు చూసుకో అన్నాను. అది నవ్వింది. బండి తలుపు మూసుకున్నాక, బాగా రాశావమ్మా అన్నాను. గాజుకి అవతల వినపడదు. వినపడదనే అన్నాను.

నిన్న గాలి కార్యాలయానికి విడిగా కాగితం పంపాను: బడిలో ఒక విద్యార్థిని తగ్గింది, మా వాటాలో ఒక మనిషి గాలి తగ్గించగలరు. ఇవాళ మీటరు చూస్తే వాటా అలాగే ఉంది. నిబంధన అంటే నిబంధనే, నాకు ఉచితంగా ఎవరి గాలీ అక్కర్లేదు. తరగతి వదిలేసి యంత్రం గదికి వెళ్ళాను.

సత్తిరాజు గారు మా బడికి గాలి వదిలే కవాటం ముందు పీట వేసుకుని కూర్చున్నారు. స్పానరు ఒళ్ళో ఉంది. ఇంకా తిప్పలేదేమని గట్టిగానే అడిగాను.

“తిప్పుదామనే పొద్దున్నించీ కూర్చున్నానండి” అన్నారు. “చెయ్యి రాలేదండి.”

ముప్ఫై ఏళ్ళుగా మార్కులు మార్చమని వచ్చే తల్లిదండ్రులందరికీ నేను చెప్పే మాట అది. ఆయన పక్కన ఇంకో పీట ఉంటే కాసేపు కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి సుధన్వ కొత్త పత్రం రాసి బల్ల మీద పెట్టాడు. నీళ్ళు మరిగిస్తే ఆవిరి అవుతుందని సరిగ్గానే రాశాడు. ఎందుకు అవుతుందో మాత్రం రాయలేదు. వాణ్ణి నిలబెట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, బడి ముగిసేదాకా తిట్టాను.

అదనపు గాలి: లేదు. కారణం: తొలకరి వాటా వాడుకున్నాను.